ఎవరి గాలి ఎవరి చేతికి

దసరా పొద్దున్నే తార్నాకలో ఒక ఇంట్లో తల్లికీ కొడుక్కీ పెద్ద రభస. కారణం వింటే నవ్వొస్తుంది. ముందురోజు ఆయుధపూజలో కామాక్షమ్మ మిక్సీకీ, కుట్టుమిషనుకీ, కారు తాళాలకీ బొట్లు పెట్టి ఊరుకోక, కొడుకూ కోడలూ సముద్రంలో మునగడానికి కొనుక్కున్న స్కూబా సామానంతా పీట మీద పెట్టించి గంధం, కుంకుమ అద్దింది. పూజలో పెట్టినవాటిని దసరా సాయంత్రం హారతిచ్చి కదిపేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అది ఆవిడ ఏలూరు నుంచి హైదరాబాదు దాకా మోసుకొచ్చిన పద్ధతి. కొడుకు రఘువీర్‌కేమో ఆ పొద్దుటే యూనివర్సిటీ ఈతకొలనులో ప్రాక్టీసు.

"పూజలో పెట్టింది లాగేస్తావట్రా? బుద్ధుందా నీకు?"

"వచ్చే వారం లక్షద్వీప్ వెళ్తున్నామమ్మా. ఇవాళ పండగ కాబట్టి పూల్ ఖాళీగా ఉంది. మళ్ళీ దొరకదు."

"అయితే ఏదో ఒకటి పీట మీద ఉండనియ్. వట్టి పీటకి హారతివ్వమంటావా?"

రఘువీర్‌కి కావలసిన సందు దొరికింది. స్పానర్ తెచ్చి రెండు సెట్లకీ ఉన్న ముల్లు గేజిలు విప్పేసి, ఆ రంధ్రాలకు మూతలు బిగించి, గేజిలను పీట మీద ఉంచేశాడు. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో గొట్టం చివర గడియారంలా చూపించేవి అవి. పులిహోర కలుపుతున్న కోడలు వైదేహి చేతులు కూడా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అవి తియ్యొద్దని శామ్యూల్ గారు చెప్పారు కదండీ."

"చేతి మీద అంకె కనబడుతుంటే ఇంకా ముల్లెందుకు వైదేహీ? సెల్‌ఫోన్ ఉన్నవాడు ల్యాండ్‌లైన్ మోసుకు తిరుగుతాడా?"

రఘువీర్ చెప్పే అంకె సంగతి ఇది. భార్యాభర్తలిద్దరికీ చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లున్నాయి. సిలిండర్ మెడకు తగిలించే గొట్టాల సెట్‌కి బిగించే బొటనవేలంత నల్లటి ట్రాన్స్‌మిటర్ ఒకటి, లోపల గాలి ఎంతుందో వైరు లేకుండానే ఆ కంప్యూటర్‌కి పంపుతూ ఉంటుంది. ఏ ట్రాన్స్‌మిటర్‌కి జతచేసిన కంప్యూటర్ దాని మాటే వింటుంది. రఘువీర్ ఎంతో ముచ్చటపడి రెండూ ఒకే రకం కొన్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. కొత్త వస్తువు చేతికొస్తే ఆయనకు తిండి కూడా గుర్తుండదు.

గేజిలు విప్పిన చేత్తోనే ఆ నల్ల ముక్కలు కూడా విప్పాడు. వాటి మీదా కామాక్షమ్మ పెట్టిన బొట్లున్నాయి మరి. కుంకుమ మరలోకి పోతుందని రెండింటినీ అరచేతిలో వేసుకుని, స్పిరిట్ గుడ్డతో తళతళలాడేలా తుడిచి, మళ్ళీ బిగించాడు. వైదేహి అది చూస్తూనే ఉంది. పోపు మాడుతున్న వాసన రావడంతో లోపలికి పరుగెత్తింది.

*

క్యాంపస్‌లో చెట్ల కింద మనిషి లేడు. ఈతకొలను గేటు దగ్గర కాపలా ఉండే బుచ్చిరాములు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, విసుగ్గా తాళం తీశాడు.

"పండుగనాడు గూడ మునుగుడేనా సార్? నేను జమ్మి చెట్టు కాడికి పోవాలె. జర జల్ది కానియ్యిన్రి."

డైవింగ్ నేర్పే శామ్యూల్ అప్పటికే పక్కనున్న చిన్న కొలనులో కొత్తవాళ్ళకు పాఠం మొదలుపెట్టాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. మాట మెత్తనే గానీ నీళ్ళ దగ్గర మాత్రం ఎవరినీ లెక్కచేయడు. వీళ్ళ సామాను ఒకసారి తేరిపార చూసి మొహం చిట్లించాడు.

"గేజిలు ఏవి సార్?"

"పూజలో ఉన్నాయి."

"పూజల ఉన్నయా! అట్లయితే దిగకున్రి."

"అయిదు మీటర్ల నీళ్ళు శామ్యూల్! సముద్రమా ఇది? మేమిద్దరం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళం. కంప్యూటర్లు రెండూ పనిచేస్తున్నాయి, చూడు."

చూపించాడు. కొలను దగ్గర నిన్నటి బ్యాచ్ వాడగా మిగిలిన సిలిండర్లే ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ సుమారుగా సగం గాలే, నిండితే రెండు వందలు చూపించే చోట వంద. రెండు చేతుల మీదా అంకె ఇంచుమించు ఒకటే. శామ్యూల్ కాసేపు నసిగాడు. అటు కొత్తవాళ్ళు నీళ్ళలో వణుకుతూ ఈయన కోసం ఎదురుచూస్తున్నారు.

"సరే. ఒకర్ని ఒకరు ఇడిశిపెట్టొద్దు. అంకె యాభైకొస్తే ఇద్దరు పైకి రావాలె. సార్, మీకు శ్వాస బిగవట్టే అలవాటున్నది. అయిదు మీటర్లని చిన్నగ చూడకున్రి. బిగవట్టి పైకి దూకితే లోపలి గాలి ఉబ్బుతది, ఊపిరితిత్తులు చిరుగుతయి. గీడికెళ్ళి దవఖానకు పోయేదాక గూడ ఉండరు."

రఘువీర్ తలూపాడు. విన్నట్టే తలూపడం ఆయనకు ఆఫీసులో అబ్బిన విద్య.

వైదేహికి ఒక విషయం తెలుసు. కిందటేడు పాండిచ్చేరిలో అందరికంటే ముందు ఈయనకే గాలి అయిపోయింది. ఈయన మూలంగా మొత్తం జట్టు పైకి రావలసి వచ్చింది. పడవలో ఎవరో "వాక్యూమ్ క్లీనర్" అని నవ్వారు. ఆ మాట ఇప్పటికీ ఆయనను గుచ్చుతూనే ఉంది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి, అదే ప్రయాణంలో వైదేహి ఒకసారి ఊరికే భయపడి పైకి వెళ్దామని సైగ చేసిన సంగతిని చుట్టాలింట్లో, స్నేహితులింట్లో కథలు కథలుగా చెబుతాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఇంటికొచ్చాక మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

*

నీళ్ళ అడుగున తెల్లటి గచ్చు, దాని మీద వణికే ఎండ. ఇద్దరూ పక్కపక్కనే మెల్లగా ఈదారు. మాస్కులోకి నీళ్ళు తెచ్చుకుని వదలడం, కదలకుండా తేలడం, ఒక్కొక్కటే చేసుకుంటూ పోయారు. మధ్యలో రఘువీర్ తన మణికట్టు తెచ్చి ఆమె కళ్ళ ముందు పెట్టాడు. ఇంత సేపైనా అంకె కొంచెమే దిగింది. గాలి గొట్టం అడ్డమున్నా నవ్వుతున్నాడని కళ్ళలో తెలుస్తోంది. చూశావా, వాక్యూమ్ క్లీనరట, అన్నట్టుంది ఆ వాలకం.

ఆమెకు ముచ్చటేసింది. తన అంకె చూసుకుంది.

ఆయన అంకె కంటే ఎంతో కిందికి పోయింది. తను అంత గాలి ఎప్పుడు తాగింది? భయపడలేదే! మొదటినుంచీ నెమ్మదిగానే ఊపిరి తీసుకుంటోంది కదా! మనసులోనే తనను తాను తిట్టుకుంది. చూస్తుండగానే అంకె ఇంకా దిగింది. యాభై దాటి కిందికి పోయింది. ఇక ఆగలేక ఆయన భుజం తట్టి తన చెయ్యి చూపించి, బొటనవేలు పైకెత్తింది. నీళ్ళలో ఆ సైగకు పైకి వెళ్దామని అర్థం.

రఘువీర్ ఆమె అంకె చూశాడు, తన అంకె చూసుకున్నాడు. అరచేతిని నెమ్మదిగా కిందికీ పైకీ ఊపాడు. కంగారుపడకు, మెల్లగా పీల్చు. ఒక్క వేలు చూపించాడు. ఒక్క నిమిషం. చాలా రోజుల తర్వాత ఆయన గాలి నిలుస్తోంది మరి, అంత తొందరగా వదులుకుంటాడా! నడుముకి కట్టుకున్న చిన్న కెమెరా తీసి, కొలను అవతలి గోడ వైపు ఈదుకుంటూ పోయాడు.

ఒకర్ని ఒకరు వదలొద్దని శామ్యూల్ నెత్తీ నోరూ బాదుకున్నది ఇందుకే కదా అనుకుంటూ, వైదేహి మళ్ళీ చెయ్యి చూసుకుంది.

అంకె లేదు. అంకె ఉండవలసిన చోట మూడు గీతలు. అంటే ట్రాన్స్‌మిటర్ అందడం లేదు. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. గాలి అయిపోయిందా? లోపలికి పీల్చింది. హాయిగా వచ్చింది. ఇంకోసారి పీల్చింది. అదీ వచ్చింది. కంప్యూటర్ మీద వేలితో కొట్టింది. గీతలు కదల్లేదు.

కాసేపటికి రఘువీర్ వెనక్కి వచ్చాడు. ఆయన దగ్గరికి రాగానే అంకె మళ్ళీ వెలిగింది. ఇంకా కిందికి దిగి ఉంది.

వైదేహి ఆ అంకెను చూస్తూ అలాగే ఉండిపోయింది. తన సిలిండర్ తన వీపు మీదే ఉంది. అది ఎక్కడికీ పోలేదు. మరి ఆయన దూరంగా పోతే అంకె ఎందుకు పోయింది, దగ్గరికొస్తే ఎందుకొచ్చింది?

ఆయన గాలి వదిలాడు. పెద్ద బుడగల గుత్తి బుడబుడమని పైకి పోయింది. మళ్ళీ గట్టిగా పీల్చాడు. కాస్త ఆగి ఆమె చేతి మీద అంకె ఒకటి తగ్గింది. ఆమె కావాలనే ఊపిరి చాలా చిన్నగా తీసుకుంటూ ఉండిపోయింది. అయినా అంకె తగ్గుతూనే ఉంది.

అరచేతిలో రెండు నల్ల ముక్కలు, స్పిరిట్ గుడ్డ, బిగించిన స్పానర్, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఒకదాని చోట ఇంకొకటి బిగించేశాడు మహానుభావుడు! ఆయన చేతి మీద వెలుగుతున్నది తన గాలి. తన చేతి మీద తరిగిపోతున్నది ఆయన గాలి. ఆయన సంబరపడుతున్న అంకె ఆయనది కానే కాదు.

ఇప్పుడు అంకె ఇరవై అయిదు.

నీళ్ళ పైన అయితే ఒక్క కేకతో పోయే పని. ఇక్కడ నోట్లో గొట్టం ఉంది. ఆమె ఆయన చెయ్యి లాగి తన చేతి పక్కన పెట్టింది. రెండు అంకెలనూ వేలితో చూపించి, వేళ్ళు అటూ ఇటూ మార్చింది. ఆయన సిలిండర్‌ను తట్టి తన అంకెను చూపించింది. రఘువీర్ కనుబొమలు ముడిపడ్డాయి. ఆయనకు కనిపించిందల్లా భార్య అంకె బాగా తగ్గిపోయిందనీ, పాండిచ్చేరిలోలాగే కంగారుపడుతోందనీ. ఆమె బొటనవేలు పైకెత్తింది. ఆయన మళ్ళీ అరచేతిని ఊపాడు. ఆమె ఆయన సిలిండర్‌ను మోసే జాకెట్ పట్టీ పట్టుకుని పైకి లాగింది. ఆయనకు కోపమొచ్చింది. చెయ్యి విదిలించి, నువ్వు వెళ్ళు, అని వేలితో పైకి చూపించి, మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

ఆ క్షణంలో వైదేహికి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఎన్నిసార్లు ఈ అరచెయ్యి చూసిందో! బండి నడిపేటప్పుడు, ఆసుపత్రిలో, బ్యాంకులో, చుట్టాల ముందు. నువ్వూరుకో, నాకు తెలుసు. పైకి వెళ్ళి శామ్యూల్‌ను పిలుద్దామా? శామ్యూల్ ఉన్నది అవతలి కొలనులో. పిలిచి తెచ్చేలోగా ఈయన ఇక్కడ ఒంటరిగా ఉంటాడు. గాలి ఆగిపోతే ఈ మనిషి ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. బుగ్గలు పూరించి, శ్వాస బిగబట్టి, పైకి దూకుతాడు.

వెళ్ళలేదు. రెక్కల చెప్పులు టపటపా కొట్టి ఆయనను అందుకుంది. తన ఛాతీ మీద వేలాడే పసుపుపచ్చ గొట్టాన్ని, ఇంకొకరికి అవసరమైతే ఇవ్వడానికే ఉండే దాన్ని, లాగి కుడిచేత్తో పట్టుకుంది. ఎడమచేతి మీద అంకెను కళ్ళార్పకుండా చూస్తూ ఆయన పక్కనే ఈదింది. ఆయన కెమెరాను గోడ మీద పడే ఎండకి తిప్పుతున్నాడు. మధ్యలో ఆమెను చూసి, ఇంకా వెళ్ళలేదా, అన్నట్టు తలాడించాడు. పదిహేను. పన్నెండు. ఆయన తీసుకునే ఒక్కొక్క ఊపిరీ ఆమె మణికట్టు మీద తరిగిపోతోంది. వద్దండీ, అంత గట్టిగా పీల్చకండి, అని ఆమె గొట్టం కొరుకుతూ లోలోపల బతిమాలుకుంది.

రఘువీర్ ఆగాడు. ఒకసారి పీల్చాడు. తల విదిలించి మళ్ళీ పీల్చాడు. కెమెరా చేతిలోంచి జారిపోయింది. తన మణికట్టు చూసుకున్నాడు. అక్కడ అంకె ఇంకా బాగానే ఉంది. గొట్టంలో గాలి లేదు. మాస్కులో ఆయన కళ్ళు ఎంత పెద్దవయ్యాయో వైదేహి జన్మలో మరిచిపోదు.

ఆమె పసుపు గొట్టం నోటి దగ్గర పెట్టబోయింది. ఆయన చూడనే లేదు. తన గొట్టాన్ని ఊసేసి, బుగ్గలు బిగించి, కాళ్ళతో గచ్చును తన్ని పైకి లేచాడు.

ఆమె జాకెట్ పట్టీని దొరకబుచ్చుకుని తన బరువంతా వేసి వేలాడింది. ఆయన మోకాలు ఆమె పక్కటెముకలకు తగిలింది. మాస్కు సగం పక్కకు జరిగి ఒక కంట్లోకి నీళ్ళొచ్చాయి. వదల్లేదు. ఇద్దరూ కలిసే పైకి లేస్తున్నారు. ఆయన బుగ్గలు ఇంకా బిగిసే ఉన్నాయి. ఒక్క బుడగ రావడం లేదు. వైదేహి పిడికిలి బిగించి ఆయన కడుపులో గట్టిగా గుద్దింది. రాలేదు. ఉన్న బలమంతా పెట్టి మళ్ళీ గుద్దింది. బుస్సుమని బుడగలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. నోరు తెరుచుకుంది. అదే అదనుగా పసుపు గొట్టాన్ని నోట్లోకి నెట్టి, ఊడి రాకుండా అరచేత్తో అదిమిపెట్టి, దాని మీది బటన్ నొక్కి గాలి వదిలింది.

ఆయన పీల్చాడు. దగ్గాడు. పీల్చాడు. రెండు చేతులతో ఆమె మణికట్టును పట్టుకున్నాడు. ఆమె తన కళ్ళను ఆయన కళ్ళకు ఎదురుగా పెట్టి, అరచేతిని నెమ్మదిగా కిందికీ పైకీ ఊపింది. ఈసారి ఆయన విన్నాడు. ఒకరి పట్టీ ఒకరు పట్టుకుని, బుడగలకంటే మెల్లగా, వెలుతురులోకి వచ్చారు.

పైకొచ్చాక ఆయన తేలడానికి జాకెట్ బటన్ నొక్కాడు. సిలిండర్ గాలితో ఉబ్బే జాకెట్ అది, సిలిండరే ఖాళీ అయితే ఇంకెక్కడ ఉబ్బుతుంది! మునగబోతుంటే వైదేహి ఆయన నడుముకున్న సీసం బరువుల బెల్టు ఊడదీసి కిందికి వదిలేసి, మెడ కింద చెయ్యి వేసి పట్టుకుంది. అప్పుడు అరిచింది.

"శామ్యూల్ గారూ!"

*

శామ్యూల్, బుచ్చిరాములు కలిసి రఘువీర్‌ను గట్టు మీదికి లాగారు. శామ్యూల్ ఆయన చేత మాట్లాడించాడు, ఛాతీలో నొప్పుందా అని అడిగాడు, ఉమ్ములో నెత్తురు పడుతోందేమో చూశాడు. ఆ తర్వాత సిలిండర్ దగ్గర వంగి ట్రాన్స్‌మిటర్లు చూశాడు. ఇద్దరి చేతుల మీద అంకెలు చూశాడు.

"సార్‌ను దవఖానకు తీస్కపోవాలె, డాక్టర్ చూడాలె. బుచ్చిరాములన్నా, ఆటో పిలువు." లేచి నిలబడి తల గోక్కున్నాడు. "గేజి లేకుంట దిగనిచ్చిన. నాది గూడ తప్పే మేడమ్."

వైదేహి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కటెముకలు సలుపుతున్నాయి. బతికాడు, ఎదురుగా కూర్చుని తువ్వాలు కప్పుకుని దగ్గుతున్నాడు, అంతే చాలనుకుంది.

అంతలో సంచిలో ఫోన్ మోగింది. కామాక్షమ్మ. రఘువీర్ తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ, అమ్మా... అయిపోయిందమ్మా. బాగానే జరిగింది. వైదేహే కాస్త భయపడింది, అందుకని తొందరగా పైకి వచ్చేశాం. అంతే. మామూలేగా."

అబద్ధం చెప్పాలని చెప్పాడా? తల్లిని కంగారు పెట్టకూడదని చెప్పాడా? అలవాటున నోట్లోంచి వచ్చేసిందా? ఏదైనా కానీ, శామ్యూల్ తల దించుకున్నాడు. వైదేహి అతని వైపు తిరిగింది.

"శామ్యూల్ గారూ," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "లక్షద్వీప్‌లో నాకు ఇంకో జోడీని చూడండి. ఎవరైనా ఫరవాలేదు. నీళ్ళలో నేను చెప్పింది నమ్మే మనిషి అయితే చాలు."

రఘువీర్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు. ఫోన్‌లోంచి కామాక్షమ్మ గొంతు గట్టిగానే వినిపిస్తోంది. "ఏమంటోందిరా కోడలు? ఏమైంది? మాట్లాడవేం?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో అనబోయి దగ్గాడు. దగ్గు ఆగాక, ఆమె మొహంలోకే చూస్తూ ఫోన్‌లో అన్నాడు.

"ఇందాక చెప్పింది నిజం కాదమ్మా. గాలి అయిపోయింది నాకు. పోయేవాడినే. పైకి పోదామని తను మళ్ళీ మళ్ళీ చెప్పింది, లాగింది కూడా. నేనే విదిలించుకున్నాను. నన్ను పైకి తెచ్చింది వైదేహి."

అవతల ఆవిడ ఏడుపు అందుకుంది. వైదేహికి అప్పుడొచ్చాయి కన్నీళ్ళు, ఆపుకుందామన్నా ఆగనంతగా. ఇన్నేళ్ళలో ఆయన ఒకరి ముందు ఇలా ఒప్పుకోవడం ఇదే మొదలు. లేచి వెళ్ళి ఆయన భుజం మీద తువ్వాలు సరిచేసింది. తల తుడిచింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. గేటు దగ్గర ఆటో ఆగింది.

శామ్యూల్ సామాను మోస్తూ ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, జోడీ సంగతి... సార్ ఒప్పుకున్నడు గద. ఇగ మార్చుడెందుకు?"

వైదేహి ముక్కు తుడుచుకుంది. ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసుకోలేదు.

"దవాఖానకీ ఇంటికీ ఆయనతోనే వస్తాను," అంది. "నీళ్ళలోకి మాత్రం వేరే మనిషినే చూడండి."